తల మీద పెట్టిన చెయ్యి

రాగాల మాస్టారి భార్య ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. రక్తం, చీము, ఏది తగిలినా ముక్కు మూసుకునే మనిషి కాదు. అలాంటి మనిషికి కడుపులో తిప్పింది చర్చిలో, మొగుడి ప్రార్థన వింటుండగా.

మాస్టారు టైలరు. వారమంతా మిషను తొక్కి, ఆదివారం పొద్దున హార్మోనియం ముందు కూర్చుని పాత కీర్తనలు తాపీగా పాడించేవాడు. క్వాయర్‌లో ఆవిడ గొంతే ఆయనకి ఊతం. కొత్త పాస్టరుగారు వచ్చి అదే హాల్లో సాయంత్రం ఇంకో ఆరాధన పెట్టారు. గిటార్లు, రంగు లైట్లు, గోడ మీద తెర. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. "దేవుడికి చెవుడనుకున్నారా వీళ్లు" అని అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

ఆవిడకీ ఆ మోత పడలేదు. ఒకసారి వెళ్లి తలనొప్పితో తిరిగొచ్చింది. డ్రమ్ములు వాయించే పిల్ల మాత్రం నచ్చింది. బేకరీలో పని ముగించుకుని, చేతులకంటిన పిండైనా దులుపుకోకుండా పరిగెత్తుకొచ్చి, కళ్లు మూసుకుని వాయించేది.

ఒక శనివారం సాయంత్రం మాస్టారు హార్మోనియం తుడిచొస్తానని వెళ్లి, కూనిరాగం తీస్తూ ఇంటికొచ్చాడు. "రేపు సాయంత్రం చుట్టుపక్కల వాళ్లు హాయిగా ఉంటారులే" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే చర్చిలో గగ్గోలు. డ్రమ్ములు సరిచూసుకోడానికొచ్చిన పిల్ల ముసుగు తీస్తే, అన్ని తోళ్లూ ఈ అంచు నుంచి ఆ అంచుకి కోసేసి ఉన్నాయి. ఆవిడ వంగి చూసింది. సుద్దతో గీత గీసి కత్తిరించినట్టు, ఎక్కడా వంకర లేని కోత. కూనిరాగం ఎందుకో అప్పుడు తెలిసింది. మొగుడి వంక చూసింది. ఆయన చూపు తప్పించాడు.

పాస్టరుగారు అందర్నీ నిలబెట్టి, "మాస్టారూ, మీరే ప్రార్థించండి" అన్నారు.

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "దయగల ప్రభువా, ఈ పని చేసిన చేతులు ఎవరివో నీకు తెలుసు. ఆ పాపి రాతిగుండె కరిగించు." గొంతు వణికింది. కీర్తన ఆఖరి చరణంలో వణికించినట్టే, సరిగ్గా కావలసిన చోట. కన్నీళ్లూ వచ్చాయి. ఆమెన్ అనగానే పిల్ల వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీ ప్రార్థనతో మనసు కుదుటపడింది, మాస్టారూ."

ఆయన అదే చేత్తో ఆమె తల నిమిరాడు.

ఆవిడ గబగబా బయటికి నడిచి, కుళాయి దగ్గర వాంతి చేసుకుంది.

ఇంటికెళ్లాక ఆయన దాచలేదు. "దేవుడి ఇల్లు బజారైపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"కోయడం వరకూ మీ మూర్ఖత్వం అనుకుంటాను. ఆ ప్రార్థనేంటండీ? ఆ పిల్ల తల మీద చెయ్యెలా వేయబుద్ధయింది?"

"అందరూ చూస్తుంటే ఏం చేయమంటావు?"

"వచ్చే ఆదివారంలోగా మీరే ఆ పిల్లకి చెప్పండి. లేకపోతే నేను చెబుతాను."

ఆయన నవ్వి మిషను ముందు కూర్చున్నాడు. ఆ వారమంతా ఆయన అన్నం కలుపుకుంటుంటే ఆ వేళ్లు చూడలేక, ఆవిడ వేరే గదిలో తింది.

ఆదివారం మాస్టారు శ్రుతి ఇచ్చాడు. ఆవిడ పాడలేదు.

"ఆ డ్రమ్ములు కోసింది మా ఆయన" అంది, వెనక బల్లల దాకా వినిపించేలా.

హార్మోనియం ఆగింది. ముందు వరసలోని సంఘపెద్ద కూర్చున్నచోటి నుంచే, "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోమ్మా. ఆరాధన చెడగొట్టకు" అన్నాడు. ఆ వరసలో ఆశ్చర్యపోయిన మొహం ఒక్కటీ లేదు. ఎవరో దగ్గారు. ఇంకెవరో పాట నంబరు చెప్పారు. పాట సాగిపోయింది. పాస్టరుగారు పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఆవిడ బయటికి నడిచింది. సాయంత్రం ఆరాధన నడిపే కుర్రాడు మెట్ల దగ్గర ఫోన్ పట్టుకుని వెంటపడ్డాడు.

"ఆంటీ, సాయంత్రం స్టేజి మీద ఇదే చెప్పండి. వెనక మెల్లగా కీబోర్డు వేయిస్తాను. మీకు ఏడుపొచ్చే టైముకి లైట్లు తగ్గిద్దాం. వీడియో ఎక్కడికో పోతుంది."

ఆవిడకి మళ్లీ డోకొచ్చింది. "నువ్వూ మా ఆయనా ఒకే బాపతు, బాబూ" అని, నేరుగా బేకరీకి నడిచింది.

పిల్ల కౌంటరు వెనక ఉంది. ఆవిడ చెప్పిందంతా కదలకుండా వింది.

"నా తల మీద చెయ్యి పెట్టాడు కదండీ" అంది చివరికి.

"పెట్టాడమ్మా."

పిల్ల వెనక్కెళ్లి, గిన్నెలు కడిగే తొట్టి దగ్గర కుళాయి కింద తల పెట్టింది. సబ్బు అందుకుని గోళ్లతో రుద్దుకుంది. ఆవిడ కౌంటరు దాటి వెళ్లి, వెనక నిలబడి, నీళ్లు కాలరులోకి పోకుండా జుట్టు పైకెత్తి పట్టుకుంది.