మూడో స్వరం

హెడ్‌ఫోన్ల తీగ చిక్కు విప్పి, టెక్నీషియన్ మళ్లీ మీట నొక్కింది. మొదటి స్వరం మోగింది. రెండోదీ మోగింది. మూడోది, అన్నిటికంటే సన్ననిది, రాలేదు. తెరమీద తప్పు చూపే ఎర్రక్షరం ఒక్కటీ లేదు. పైథాన్ ప్రోగ్రాం ఏమీ ఎరగనట్టు, మూడూ మోగాయని రాసింది.

"అబద్ధాలకోరు," అంది పళ్ల బిగువున.

మనుషుల వినికిడిని పరీక్షించే ఈ ల్యాబులోనే ఆమె జుట్టు నెరిసింది. పక్కగది ఫ్యాను బేరింగు అరుగుతుంటే అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. ఆ చెవుల మీద అంత నమ్మకం. మనుషుల మీదే లేదు. ఈమధ్య చెల్లెలు తనకు వినబడకూడదనే నోట్లో నోట్లో గొణుగుతోందని కూడా కోపం.

కొత్త ప్రోగ్రామర్ వచ్చీ రాగానే ప్రోగ్రాంలో శబ్దం వినిపించే పాత కోడు లైబ్రరీ తీసేసి వేరేది పెట్టాడు. ఆ తర్వాతే ఈ స్వరం మాయమైంది. తన ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాడని నిన్ననే ప్రొఫెసర్‌తో చెప్పేసింది.

పాత లైబ్రరీ మళ్లీ ఎక్కించింది. ఇంకోటి పెట్టి చూసింది. సౌండ్ కార్డు మార్చింది. ఊహూఁ.

"ఏం కెలికావు ఇందులో?"

ప్రోగ్రామర్ టీకప్పు దించాడు. "ఆ లైబ్రరీ తప్ప నేనేం ముట్టుకోలేదక్కా. నాకు బానే వినిపిస్తోంది."

"నాటకాలొద్దు."

నేల తుడుస్తున్న ఆయమ్మను పిలిచి హెడ్‌ఫోన్లు పెట్టింది. మూడోది నొక్కింది.

"అబ్బ! చెవిలో సూది దిగినట్టుందమ్మా," అంటూ ఆయమ్మ వాటిని లాగేసింది.

ఇద్దరూ కూడబలుక్కున్నారా? వాళ్ల మొహాలు మార్చిమార్చి చూసింది. చివరికి బీరువాలోంచి శబ్దం కొలిచే మీటరు తీసి హెడ్‌ఫోన్‌కు ఆనించింది. నొక్కగానే ముల్లు చివ్వున లేచింది. హెడ్‌ఫోన్లు తను పెట్టుకుని నొక్కింది. చడీచప్పుడూ లేదు.

హెడ్‌ఫోన్లు తీసి, తీగ చుట్టి బల్లమీద పెట్టింది. తర్వాత ప్రొఫెసర్ గదికి వెళ్లి, "అతని తప్పేం లేదండీ. పోయింది నా వినికిడి. నేనిక మానేస్తాను," అంది.

"అంత మాటెందుకమ్మా? వేరే పని చూద్దాం."

"ఇంకొన్నాళ్లకి ఇంకో స్వరం పోతుంది. అప్పుడెవర్ని అనుమానించను?"

తిరిగొచ్చి ప్రోగ్రామర్ ముందు నిలబడింది. "నీమీద చాడీ చెప్పాను. తప్పయిపోయింది," అని, జవాబు కోసం ఆగకుండా సంచీ భుజాన వేసుకుంది.

"రేపొస్తారుగా అక్కా?" మెల్లగా అడిగాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. వినబడిందో లేదో అతనికి తెలియలేదు.

సాయంత్రం వాన పట్టుకుంది. ల్యాబు తలుపు వెనక మేకుకు ఆమె గొడుగు, కట్టిన తాడు కట్టినట్టే, వేలాడుతోంది.