సగం చల్లగా ఉన్న రేడియేటర్

ఆ ఎండాకాలం కొండల్ టాక్సీ పత్తర్‌గట్టి దాటకముందే ఉడికిపోవడం మొదలుపెట్టింది. చార్మినార్ కనబడేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. గాజులు కొనడానికి బయలుదేరిన ఆడవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని దిగి, మిగిలిన దారి నడిచి వెళ్లిపోయేవాళ్లు. వెనక రిక్షావాళ్లు తిట్లు లంకించుకునేవాళ్లు. కొండల్ బండిని పక్కకు తోసి, ఏదో ఒక హోటల్‌లో బతిమాలి డబ్బాతో నీళ్లు తెచ్చుకునేవాడు.

పాత అంబాసిడరే, కానీ అంతకుముందు ఎన్నడూ ఇట్లా చేయలేదు. చలికాలంలో కొండల్ టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. అన్నాళ్లూ బండి శాలిబండలో మెకానిక్ బాబురావు షెడ్డులోనే ఉంది. కొండల్ కోలుకుని మళ్లీ స్టాండుకు తీసుకెళ్లినప్పుడు చలికి ఏమీ బయటపడలేదు. ఎండలు ముదిరాక మొదలైంది.

బాబురావు కొండల్‌కు మెకానిక్ మాత్రమే కాదు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నారు. బాబురావు కూతురి పెళ్లికి చర్చి నుంచి పెళ్లికూతుర్ని తెచ్చింది ఈ బండిలోనే. బాబురావు భార్య లీలమ్మను కొండల్ నోరారా వదినా అని పిలిచేవాడు.

బాబురావు ఒక్కొక్కటే చూశాడు. రబ్బరు పైపులు మార్చాడు. ఫ్యాన్ బెల్టు బిగించాడు. వాటర్ పంపు విప్పి బాగానే ఉందన్నాడు. ఇంజన్ ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూశాడు. కలవడం లేదు. రేడియేటర్ సంగతి కొండల్ అడిగితే, "అది నేనే కడిగి పెట్టిన, దాన్ని ముట్టకు" అన్నాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"బండిల ఏం లేదు తమ్మీ. నీ నడుపుడులనే ఉంది. జ్వరం పడి లేసినంక నీ కాలు మొద్దుబారింది. గేరు మార్చకుంట గుంజుతున్నవ్."

"గట్లనా అన్నా? నాకు తెలుస్తనే లేదు."

కొండల్ నమ్మాడు. పొద్దంతా ఇంజన్ చప్పుడుకు చెవి ఒగ్గి, కొత్తగా నేర్చుకునేవాడిలా భయపడుతూ నడిపాడు. అయినా బండి ఉడికింది. ఒకరోజు కంగారులో వేడి మీదే రేడియేటర్ మూత తిప్పితే కుడిచెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. లీలమ్మ మందు రాస్తుంటే ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఊకో వదినా, పాణం పోలేదు కద" అని తిరిగి కొండల్ ఆమెను ఊరడించాడు.

"ఇంజన్ ముసలిదైంది. అమ్మెయ్యరాదూ?" అన్నాడు బాబురావు పక్కనుంచి.

కొండల్ దానికీ సిద్ధపడ్డాడు. ఇంతలో బాబురావు చుట్టాల పెళ్లికని మెదక్ వెళ్లాడు. ఆ వారమే శాలిబండ ఎత్తు ఎక్కుతూ బండి మళ్లీ ఆగింది. అడగడానికి మనిషి లేడు. కొండల్ ఇంజన్ ఆపి, ఫ్యాన్ నిలబడ్డాక, ఎడమ అరచెయ్యి రేడియేటర్ మీద అక్కడక్కడా ఆనించి చూశాడు. ఒక పక్క చెయ్యి పెట్టనివ్వడం లేదు. రెండో పక్క కుండలా చల్లగా ఉంది. అంటే ఆ పక్కకు నీళ్లే పోవడం లేదు.

దాన్ని ఊడదీసి భుజాన వేసుకుని మొగల్‌పురాలో రేడియేటర్లకు సీసంతో మాటు వేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పై తొట్టి విప్పి చూపించాడు. లోపలి గొట్టాల్లో సగానికి సీసం పోసి మూసేసి ఉంది.

"కిస్‌నే మారా ఇస్‌కో? దీన్ని సంపిందెవరు?" అన్నాడు ముసలాయన. "కారుతుంటే ఎవరో మూసేసిన్రు. ఇది ఎండకు ఆగదు భాయ్."

కొండల్ దాన్ని తిప్పి చూశాడు. ఫలక్‌నుమా దగ్గర ఒకసారి బర్రె అడ్డమొచ్చి తన రేడియేటర్ కింది మూల నొక్కుకుపోయింది. ఈ మూల చక్కగా ఉంది. ఇది తనది కాదు. చలికాలమంతా బండి ఉన్నది బాబురావు షెడ్డులోనే.

చార్మినార్ స్టాండులో బాబురావు అల్లుడు ప్రకాశం ఉన్నాడు. పెళ్లయ్యాక అతనూ ఒక పాత అంబాసిడర్ తీసుకుని టాక్సీ తిప్పుతున్నాడు. రేడియేటర్ చూపించమని కొండల్ అడగ్గానే సంతోషంగా బానెట్ ఎత్తాడు.

"మామ పెట్టించిండు చిన్నాయనా. అంతకుముందు మస్తు వేడయ్యేది. ఇప్పుడు కర్నూలు పోయొచ్చినా ఫికర్ లేదు."

నొక్కుకుపోయిన మూల ఎదురుగా కనబడుతోంది. ఆ పిల్లవాడి ముఖం చూసి కొండల్ బానెట్ తనే మెల్లగా మూసేశాడు.

బాబురావు ఊరి నుంచి వచ్చిన రోజు కొండల్ ఆ సగం మూసుకుపోయిన రేడియేటర్‌ను తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టాడు. బాబురావు దాన్ని చూసి కూలబడ్డాడు.

"నువ్వు లేస్తవో లేవవో అన్నరు అప్పుడు. బండి ఊరికే నిలవడ్డది. అల్లునికి దూరం కిరాయిలు. వేరేది దొరకంగనే నీకు పెడుదమనుకున్న."

"తీసుకుంటే తీసుకున్నవ్ అన్నా. అడిగితే నేనే ఇచ్చేటోన్ని." కొండల్ కాలిన చెయ్యి ముందుకు చాపాడు. "నా నడుపుడుల తప్పుందంటివి. నా కాలే సచ్చిందనుకున్న. చెయ్యి కాలినప్పుడన్న చెప్పకపోతివి. బండి అమ్మెయ్యమంటివి!"

"సిగ్గయింది తమ్మీ. ఒక్కసారి దాచినంక..."

గుమ్మంలో నిలబడిన లీలమ్మ వైపు తిరిగాడు కొండల్. "వదినా, నీకెరుకేనా?"

"దానికేం ఎరుక లేదు" అన్నాడు బాబురావు గబగబా. లీలమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బాబురావు అల్లుడి బండిలోంచి రేడియేటర్ విప్పి తెచ్చి బిగించాడు. కొండల్ దగ్గరే నిలబడి ప్రతి బోల్టూ చూశాడు. ఆ తర్వాత ఎండలు ఎంత మండినా బండి ఉడకలేదు. కొండల్ కాలు కూడా ఎప్పట్లాగే పనిచేసింది. ఆ షెడ్డుకు మాత్రం మళ్లీ వెళ్లలేదు.

వానలు పడ్డాక ఒక ఆదివారం బస్సు కోసం నిలబడిన లీలమ్మ, టాక్సీని చూసి చెయ్యెత్తింది. కొండల్ ఆపాడు. వెనక కూర్చుని చర్చికి పోవాలంది. దారిలో ఆమే నోరు తెరిచింది.

"నాకు ఎరుకే కొండల్. నీ చేతికి మందు రాసిన దినం గూడ ఎరుకే. అల్లుని బతుకని నోరు మూసుకున్న."

కొండల్ రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. ఆరోజు తన కోసమే ఏడుస్తోందనుకున్నాడు. ఇన్నాళ్లూ, అందరిలో ఆమె ఒక్కతైనా తన మనిషని ఎక్కడో అనుకుంటూనే ఉన్నాడు.

చర్చి గేటు దగ్గర బండి ఆపి, చుట్టూ తిరిగి వచ్చి, ముక్కూమొహం తెలియని ఏ సవారీకైనా తీసినట్టే తలుపు తీసి నిలబడ్డాడు.

"దిగండమ్మా" అన్నాడు.