కోరుట్లలో ఎంచిన కట్టె

దశరథానికి కావలసింది ఒక చెడ్డ కట్టె. అది మంచిదానిలా కనబడాలి.

కోరుట్ల కోత మిషను ఆవరణలో ఆయన పక్కన నిలబడ్డ శంకరయ్య సారుకు ఆ సంగతి తెలియదు. సిరిసిల్ల బడిలో ఆటలు నేర్పే ఆ సారు విల్లుకు నడిమి కట్టె కోసం వచ్చాడు. పాత విల్లుది చీలిపోయింది. పైనా కిందా బిగించే వంపు రెక్కలు రెండూ బాగానే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే మధ్యభాగం, చేత్తో పట్టుకునేది, కొత్తగా చెక్కాలి. సారు దాన్ని రైజర్ అంటాడు, దశరథం నడిమికట్టె అంటాడు. నెల తిరగకముందే జగిత్యాలలో రాష్ట్ర జట్టుకు ఎంపికలు. ఆ విల్లు పట్టేది దశరథం కూతురు బాలలక్ష్మి. పద్దెనిమిదేళ్లు. జిల్లాలో ఆమెకు సాటి లేరని సారు బస్సులో దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు.

కట్టె ఎంచడంలో దశరథాన్ని మించినవాడు సిరిసిల్లలో లేడు. మరమగ్గంలో నూలు మోసే నాడెను అటూ ఇటూ తన్నే కట్టెలు చెక్కడం ఆయన పని. రోజంతా దెబ్బలు తినే కట్టెలవి. విరిగిందని ఒక్కరూ తిరిగి తేలేదు.

రెండేళ్ల కిందట ఆయన కొడుకు మార్కండేయులు నక్సలైట్ అన్నలతో అడవిలోకి పోయాడు. అప్పటినుంచి ప్రతి సోమవారం మఫ్టీలో ఒక పోలీసాయన దుకాణానికి వచ్చేవాడు. చాయ తాగి, కొడుకు సంగతి ఏమైనా తెలిసిందా అని అడిగి పోయేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. పోయిన సోమవారం మాత్రం బాలలక్ష్మి ఊసెత్తాడు. ఎంపికైతే హైదరాబాదులో ఏడాది శిక్షణట గదా అన్నాడు. దశరథం తలూపాడు.

"మంచిదే దశరథం. పిల్ల మా కండ్ల ముందట్నే ఉంటది," అన్నాడు పోలీసాయన గ్లాసు కింద పెడుతూ. "చెల్లె పేరు పేపర్ల పడితే అన్న చూడనీకి రాకుంటడా? గా దినం కోసం మేం గూడ చూస్తం."

చెల్లెను చూడవస్తే కొడుకును బతకనివ్వరని దశరథానికి తెలిసిపోయింది. ఆ మాట భార్య గంగవ్వకు కూడా చెప్పలేదు. బిడ్డను పోవద్దంటే ఎందుకని అడుగుతుంది. కట్టె విరిగితే ఎవరూ ఏమీ అడగరు. సాధనలోనే ఒకనాడు విరుగుతుంది, ఇంకోటి చేసే వ్యవధి ఉండదు. అలా అనుకునే బస్సెక్కాడు.

కోత మిషను దగ్గర సారు మొదట టేకు చూపించాడు. తేలిక, బాణం వదలగానే చెయ్యి అదురుతుందన్నాడు దశరథం. నల్లమద్ది బరువే గానీ ఎండితే నెర్రెలిస్తుందన్నాడు. అబద్ధం చెప్పవలసిన అవసరం అంతవరకూ రాలేదు. మిగిలింది జిట్రేగు. ఒకే దుంగ నుంచి కోసిన రెండు ముక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. వేలి గణుపుతో తట్టాడు. మొదటిది ఖంగున పలికింది. చారలు ఈ కొస నుంచి ఆ కొసదాకా నూలు పోగుల్లా తిన్నగా ఉన్నాయి. రెండోది కొమ్మ చీలిన చోటిది. చూడ్డానికి అదే నిగనిగలాడుతోంది. మధ్యలో రూపాయి బిళ్లంత ముడి. చారలు ఆ ముడి చుట్టూ తిరిగి పక్కకు ఒరిగాయి.

ఆయన రెండోది తీశాడు. సారు వేలు ముడి మీద ఆగింది.

"గిక్కడ ముడి ఉన్నది గదా దశరథం? ఏంగాదా?"

"ముడి ఉన్నకాడనే బలం సారూ. కొమ్మను మోసిన జాగ గది."

ఈ పనిలో నీకన్నా నాకెక్కువ తెలుసా అని సారు నవ్వాడు. తిరుగు బస్సులో ఆ ముక్కను ఒళ్లోంచి దించలేదు.

చెక్కేటప్పుడు దశరథం ముడి సరిగ్గా బాణం ఆనే చోటికి వచ్చేలా చూశాడు. కట్టె అన్నింటికన్నా సన్నగా ఉండేది అక్కడే. బాలలక్ష్మి పక్కన కూర్చుని, బొటనవేలి కింద ఇంకొంచెం తియ్యమని, ఇక చాలని చెబుతూ పిడిని తన అరచేతికి సరిపెట్టించుకుంది. ఇన్నాళ్లకు మగ్గానికి గాక మనిషికి పని చేశావని ఆటపట్టించింది. అంత నాజూకైన పని ఆయన అంతకుముందు ఎన్నడూ చేయలేదు.

కట్టె మొదటి రోజు విరగలేదు. పదో రోజూ విరగలేదు. ప్రతి సాయంత్రం విల్లు అందుకుని ముడి చుట్టూ తడిమి చూసేవాడు. నెర్రె లేదు. దాచేద్దామనుకున్నాడు. నిజం చెబుదామనుకున్నాడు. రెండూ చేయలేదు. తన చేతి పని విరగకపోవచ్చునన్న గర్వం కూడా ఒక మూల ఉంది.

జగిత్యాల మైదానంలో మూడో విడతకు బాలలక్ష్మి అందరికన్నా ముందుంది. అల్లెతాడును చెంపదాకా లాగింది. ఫెటేలుమంది. విరిగిన కట్టెతో సహా పై రెక్క వెనక్కి తన్ని కనుబొమ్మను చీల్చింది. దశరథం పరుగెత్తేసరికి ఆమె నేలమీద కూర్చుని, కారే నెత్తురు పట్టించుకోకుండా రెండు ముక్కలనూ అతికించి చూస్తోంది.

"ఎక్కువ గుంజిన బాపూ," అంది. "తప్పు నాదే."

కట్టు కట్టారు. వేరే విల్లు ఇచ్చారు. చెయ్యి వణికి బాణాలన్నీ పక్కకు పోయాయి. కట్టె ఎంచింది తానేనని శంకరయ్య సారు పోటీ పెద్దల ముందు ఒప్పుకుని మాటలు పడ్డాడు. దశరథం వింటూ నిలబడ్డాడు. తర్వాత సారు ఎన్నిసార్లు పిలిచినా బాలలక్ష్మి మైదానానికి పోలేదు. తన చేతికి ఆ రాత లేదని ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుట్టుతూ కూర్చుంది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గొల్లపల్లి రాజమల్లు దుకాణానికి వచ్చాడు. దళం నుంచి బయటికొచ్చి లొంగిపోయినవాడు. మార్కండేయులు లేడని చెప్పాడు. జ్వరమట. తొమ్మిది రోజులు మోసుకు తిరిగారట. ఎప్పుడని దశరథం అడిగాడు. భాద్రపదంలో అన్నాడు.

కోరుట్ల పోయింది కార్తీకంలో. కొడుకును కాపాడుకోవాలని ఆ కట్టె తీసేనాటికే కొడుకు పోయి రెండు నెలలు.

దినాలు అయ్యాక ఆయన గంగవ్వ ముందే కూతురికి అంతా చెప్పాడు. పోలీసాయన మాట, ముడి, సారుతో ఆడిన అబద్ధం. బాలలక్ష్మి కండె చేతిలో పట్టుకునే విన్నది.

"నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటవా బిడ్డా. పోతనే అందువు."

"అన్న పానం మీదికొస్తదంటే పోతుంటినా? నేనే ఇడిసిపెడుతుంటి." ఆమె గొంతు పెంచలేదు. "గిన్ని నెలలు నా చెయ్యే పాడుదనుకున్న బాపూ."

గంగవ్వ భర్త వైపు చూడకుండా లేచి లోపలికి పోయింది. బాలలక్ష్మి చెప్పులు తొడుక్కుంది. శంకరయ్య సారు ఇంటికి పోదాం పద, ఈ మాట ఆయనకు నువ్వే చెప్పాలి అంది. ఎండలో ఆమె ముందు, దశరథం వెనక నడిచారు. ఆమెకు పందొమ్మిది నిండాయి, ఆ పోటీలకు వయసు మీరింది. అయినా మళ్లీ విల్లు పడతావా అని అడగాలనిపించింది ఆయనకు. అడిగే మొహం లేక వెనకే నడిచాడు.