ఒక్క పోచ మిగిలినా

పెద్దోడు, చిన్నోడు అంటే మా కొడుకులు అనుకునేరు. కాదు, ఎద్దులు. కొడుకులు యాడైనా చెప్పిన మాట వింటారా? ఇవి వింటాయి. ఆలూరు చుట్టుపక్కల బండలాగుడు పందెం యాడ పెట్టినా మా జత దిగిందంటే చాలు, జనం ఈలలు వేస్తారు. ఈల పడిందా, ఇంక వాటికి బండ తప్ప లోకం కనపడదు. ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చి, తిరుక్కొని మళ్ళీ ఈడుస్తాయి. మెడలో దండ పడేదాకా నిలవవు.

అట్లాంటి వాటిని అమ్ముతానన్యాడు మా ఇంటాయన. కొత్తగా చిన్న ట్రాక్టరు కొన్యాడు గదా. వెనక గడ్డి కోసే మిషను, ముందర పూజనాడు వేసిన బంతిపూల దండ.

"ఇంక ఎద్దులెందుకే, మేపు దండగ. రేపు సంతకు తోలేద్దాం" అన్యాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమప్పా, అంత మొనగాడా నీ ట్రాక్టరు డబ్బా? గుట్ట వాలులో మన బీడులో నడుమెత్తు గడ్డి పెరిగుండాది. పొద్దు మునిగేలోపు ఒక్క పోచ మిగలకుండా కోయి. కోస్తే ఎద్దులను నేనే సంతకు తోలుకపోతా. ఒక్క పోచ మిగిలినా, సంత మాట మళ్ళీ ఎత్తగూడదు."

"మాట తప్పవు గదా?"

"మాట తప్పే ఇంట్లో పుట్టలేదు నేను."

కింది అంచు బాగానే కోసినాడు. మధ్యాన్నానికి వాలు నిట్టనిలువైంది. ట్రాక్టరు మూతి పైకి లేపింది. వెనక చక్రాలు ఉన్న చోటే గిరగిరా తిరిగినాయి. పైకి పోదు, కిందికి రాదు. మా ఇంటాయన బ్రేకు మీద నిలబడి "ఓ హనుమంతమ్మా! ఎద్దులను తోలుకరావే!" అని అరిచినాడు.

రేపు అమ్మేవాటినా? కడుపు పట్టుకొని నవ్వినా. అయినా మొగుడు గదా, దొర్లితే నాకే నష్టం. ఎద్దులను తెచ్చి, మోకుతో ట్రాక్టరు ముందర కట్టినా. ఆయన గేరు తీసేసినాడు గానీ, వెనక మిషను ఆపడం మరిచిపోయినాడు.

అంతలో పక్క చేను రంగస్వామి మేకను మేపుకుంటా వచ్చినాడు. ఊరికే చూసి పోతే ఏం పోయింది? పాడు అలవాటు, వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసినాడు.

పెద్దోడు చెవులు నిక్కించినాడు. చిన్నోడు తోక లేపినాడు. ట్రాక్టరే బండ అనుకున్నాయి. ఆ కొసకు ఈడ్చినాయి, తిరుక్కొని ఈ కొసకు ఈడ్చినాయి, ఇంకొంచెం పైకెక్కి మళ్ళీ మొదలు. వెనక గడ్డి సాలుసాలుగా తెగతానే ఉండాది. మా ఇంటాయన స్టీరింగు కరుచుకొని "నిలపండిరా! ఒరే రంగా, నీ నోట్లో మన్నుబడ!" అని ఒకటే కేకలు.

"దండ పడితేనే నిలుస్తాయప్పా!" అన్నా వెంబడి ఉరుకుతా.

"యాడిది దండ?"

"నీ ట్రాక్టరుకు ఉండాది గదా!"

ఆయన ముందుకు వంగి దండ పెరికి నా మీదికి ఇసిరినాడు. ఉరికిపోయి పెద్దోడి మెడలో వేసినా. రెండూ టక్కున నిలబడినాయి.

మా ఇంటాయన ట్రాక్టరు దిగినాడు. పెద్దోడి గంగడోలు శానాసేపు నిమిరినాడు.

గుట్ట చూస్తే గుండు కొట్టించినట్టుండాది. అప్పుడు నోరు తెరిచినాడు రంగస్వామి. పందెం సంగతి ఊరంతా తెలుసు గదా. "అక్కా, గడ్డంతా తెగిపాయ. నువ్వు ఓడిపోయినట్టే."

నా ఎద్దులే లాగి నన్ను ఓడించినాయి!

తెల్లారినాక ఎద్దులను కడిగి, పసుపు పూసి, పలుపులు చేతికి చుట్టుకున్నా. కండ్లల్లో నీళ్ళు ఆగలేదు. మాట ఇచ్చినాక ఇంకేం చేసేది? చెప్పిపోదామంటే మా ఇంటాయన ఇంట్లో లేడు. తలెత్తి చూస్తే గుట్ట మీద, పెద్ద బండ పక్కన, కట్టె పట్టుకొని కూర్చోనుండాడు.

ఎక్కిపోయి "ఏం చేస్తాండావప్పా ఈడ?" అన్నా.

"కండ్లు లేవా నీకు?" బండ సందులో చేటంత గడ్డి తెగకుండా నిలబడుండాది. "ఒక్క పోచ మిగలగూడదంటివి. ఇన్ని మిగిలినాయి. నేనే ఓడిపోయినా. ఎద్దులను గాటికి కట్టెయ్ పో."

పెండ్లయిన కాడి నుంచి ఆ నోట ఆ మాట వినలేదు నేను. ఏమన్నా అనేలోపే రంగస్వామి మేక ఆ గడ్డి మీదికి మూతి చాపింది. మా ఇంటాయన ఎగిరి లేచి, "హేయ్! సంత అయ్యేదాకా సాక్ష్యం ఉండాల!" అని దాన్ని గుట్ట కిందిదాకా తరిమినాడు. రొప్పుకుంటా వచ్చి మళ్ళీ కూర్చున్యాడు.

సంత మధ్యాన్నం దాకా ఉంటాది. సంగటి, ఉల్లగడ్డ కారెం ఆడికే మోసుకుపోయినా. ఆయన తింటాంటే, కట్టె నేను పట్టుకొని మేకను కాసినా.