ఎడమ వాలు

పనాయ్ దీవి తీరంలో కల్లు గీసే సిద్రో ఒక పొద్దున కొలిమి దగ్గరికి వచ్చి, "పాత కత్తి అరిగిపోయింది మామా, అలాంటిదే ఇంకోటి కొట్టిపెట్టు," అన్నాడు. కమ్మరి కనూతో తలూపాడు. ఆర్నెల్ల కిందట కొబ్బరి చెట్టు మీంచి పడి సిద్రో కుడి మణికట్టు విరిగింది. బాగైపోయిందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు గానీ, అల్లం టీ గ్లాసు ఇస్తే ఎడమచేత్తోనే అందుకున్నాడు.

ఆ కత్తి అంచుకు పదును వాలు ఒక పక్కే, రెండో పక్క చదును. కుడిచేతి వాడికి కుడిపక్క వాలు. అదే కత్తి ఎడమచేత్తో పట్టుకుంటే కల్లు గీసే పూగెల నలిగి కల్లు ఊరడం మానేస్తుంది. సోమవారానికి సిద్రో చెట్టెక్కకపోతే తోట ఆసామి అతను గీసే నలభై చెట్లూ ఇంకొకడికి అప్పజెబుతాడు. ఎడమచేతికి చెయ్యనా అని అడిగితే ఆ రోషగాడు ఛస్తే ఒప్పుకోడు. కనూతో అడగనేలేదు. జీపు కమాను ఉక్కు ముక్క కొలిమిలో పెట్టి ఎడమ వాలు తీయడానికి కూర్చున్నాడు.

కూర్చున్నాడు గానీ, నలభై ఏళ్లుగా ఒకే పక్క వాలు తీసిన చెయ్యి మాట వినలేదు. మొదటిది అలవాటు కొద్దీ కుడి వాలే అయింది. రెండోది మెలితిరిగింది. "పని నేర్చుకునే రోజుల్లో కూడా ఇంత చెత్త చెయ్యలేదు నువ్వు," అని భార్య సబెల్ తిత్తి ఊదుతూ దెప్పింది. ఆయనకు ఒళ్లు మండింది, కాసేపటికి నవ్వొచ్చింది. మూడోది కుదిరింది.

ఆదివారం సిద్రో వచ్చి కత్తి తిప్పి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఇది ఎడమ వాలు. నా చెయ్యి పోయిందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి నా మీద జాలా?"

"జాలీ లేదు, పాడూ లేదు." కనూతో పాడైన రెండు ముక్కల్నీ కాలితో ముందుకు తోశాడు. "ముందు వీటిని చూడు. పక్క మార్చేసరికి నా చేతి బాగోతం ఇదీ. రెండు రోజులుగా మీ అత్త ఆడిపోసుకుంటోంది."

సిద్రో మెలితిరిగిన ముక్కను పైకెత్తాడు. "ఇది కత్తా, పాముపిల్లా మామా?"

"నవ్వరా నవ్వు. రేపు మొదటి చెట్టు మీద నువ్వు గీసే గీతా ఇలాగే ఉంటుంది."

సిద్రో ఆ ముక్కను కింద పెట్టి చతికిలబడ్డాడు. చేతి సంగతి పెళ్లానికి కూడా చెప్పని మనిషి. "వేళ్లు ముడుచుకోవడం లేదు మామా," అన్నాడు చివరికి.

సిద్రో లేచి, నడుముకు ఎడమవైపు కట్టుకున్న ఒర తాడు విప్పబోయాడు. ఒంటిచేత్తో ముడి రాలేదు. కనూతో దగ్గరికెళ్లి తనే విప్పి, ఒరను ఎడమచేతికి అందేలా కుడివైపుకు మార్చి బిగించి కట్టాడు. సిద్రో వద్దనలేదు.