గుండీలు అని రాసిన పొట్లం

పొట్లం మీద "గుండీలు" అని రాసి ఉంది. నేను నవ్వాను. మొత్తం వ్యవహారంలో నేను చేసిన తప్పు అదొక్కటే, ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను.

"గుండీలకి రిజిస్టర్డ్ పోస్టా మాస్టారూ? చొక్కా కూడా పంపేస్తే అక్కడే కుట్టేసుకునేవాళ్ళుగా! ఇంతకీ లోపలేముంది?" అన్నాను.

సెఖోబె మాస్టారు నవ్వలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, నవ్వు ఆయన సిలబస్‌లో లేదు. కప్పుకున్న దుప్పటిని భుజం మీదకి లాక్కుని, "తూచమ్మా, చాలు," అన్నారు. తూచాను. నూట యాభై గ్రాములు. ఆయన చూస్తుండగానే టేపు వేసి, అతుకుల మీద ముద్ర కొట్టి, రసీదు ఇచ్చాను. బీమా కాగితం ఆయనే నింపి, కవరులో పెట్టి అతికించారు. లోపలున్న వస్తువేమిటో, విలువెంతో ఆ కాగితంలో నిజం రాయాలి. కౌంటరులో ఉండే మేం దాన్ని చూడకూడదు, పోస్ట్‌మాస్టరే చూడాలి. అందుకని కవరూ, పొట్లమూ రెండూ ఆయన గదిలోకి వెళ్ళాయి. సాయంత్రం నాలుగింటికి బండి వచ్చేదాకా పొట్లం అక్కడే ఇనప బీరువాలో ఉంటుంది.

మా పోస్ట్‌మాస్టరు పేరు మొహాపి. గది తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద ఆయన పేరు. రోజూ పొద్దున్నే కిటికీలోని పాలిష్ డబ్బా తీసి ఆ పలకను రుద్దితే గానీ ఆయనకు టీ గొంతు దిగేది కాదు. తూనికరాళ్ళు, తలుపు పిడి, గంట, అన్నీ తళతళలాడాలి. "మెరవని వస్తువు నా ఆఫీసులో ఉండకూడదు," అనేవాడు. "నా మొహం కూడా మెరవదు సార్, తీసేస్తారా?" అని ఒకసారి అడిగాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు.

పది రోజుల తర్వాత పింఛను రోజు వచ్చింది. వరస గుమ్మం దాటి, మక్విన్యా అనే పిండి బొండాలు వేయించే ఆవిడ బండి దాటి, రోడ్డు దాకా ఉంది. మాస్టారు ఆ వరసను తోసుకుంటూ వచ్చి నా కౌంటరు మీద నాలుగు ఇనప వాషర్లు పోశారు.

"జొహానెస్‌బర్గ్‌లో అందింది ఇవీ, తిప్పి పంపారు! బరువు మాత్రం సరిగ్గా అంతే! నా వెండి నాణేలేవీ?"

"నాణేలేంటండీ? గుండీలన్నారుగా?"

"ఇంకా ఎగతాళా! లోపలేముందని అడిగింది నువ్వే. సీలు వేసింది నువ్వే. ఇంతమంది ముందు చెప్తున్నా, ఈవిడే దొంగ!"

పాత నాణేలు సేకరించేవాళ్ళు పొట్లం మీద నాణేలని ఎప్పుడూ రాయరట. గుండీలనో మేకులనో రాస్తారట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. వరసలో ఉన్న వాళ్ళందరి చూపులూ నా చేతుల మీద పడ్డాయి. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ చేతుల్లో పింఛను పెట్టిన చేతులవి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మొహాపి నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. నా అంతట నేనే ఉద్యోగం మానేస్తున్నానని దాని సారాంశం.

"బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. అంటే మార్పిడి జరిగింది కౌంటరు దగ్గరే. సంతకం పెట్టెయ్ మాపలేసా. పోలీసుల దాకా పోకుండా నేను చూసుకుంటా. నీ మంచికే చెప్తున్నా."

"పోలీసుల్నే పిలవండి సార్. చెప్పులేసుకునే ఉన్నా."

"పరువు పోతుందమ్మా."

"పోతే నాది పోతుంది. మధ్యలో మీకెందుకు సార్ చెమటలు?"

బయట నీళ్ళు గడ్డకట్టే చలి. ఆయనకు నిజంగానే చెమటలు పట్టాయి. ఆ రోజు నేను దాన్ని వేళాకోళం చేశానే గానీ, ఎందుకని ఆలోచించలేదు.

విచారణ తేలేదాకా నన్ను సస్పెండ్ చేశారు. నా పేరున్న కాగితాన్ని నోటీసు బోర్డుకు నాలుగు పిన్నులతో గుచ్చారు. యూనియన్ ఆయన ఇంటికొచ్చి, సంతకం పెడితే రావలసిన డబ్బుల్లో సగమైనా వస్తాయన్నాడు. "సగం తీసుకోడానికి నేనేమన్నా సగం దొంగనా?" అని అడిగి పంపించేశాను.

మర్నాడు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, వేసుకుని, పోస్టాఫీసు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. ఆఫీసు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా కదలలేదు. మొహాపి మొదటి రోజే బయటికొచ్చాడు.

"యూనిఫాం విప్పెయ్. అది డిపార్ట్‌మెంటుది."

"డిపార్ట్‌మెంటు గుడ్డ ఇచ్చి తొమ్మిదేళ్ళయింది సార్. ఇది నా సొంత డబ్బుతో కుట్టించుకున్నది. బెంచీ మునిసిపాలిటీది. ఎండ దేవుడిది. ఇంకేమన్నా ఉందా?"

మొహాపి లోపలికి పోయాడు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. నన్ను చూసి కొందరు రోడ్డుకు అవతలి పక్కకు మారి నడిచారు. అందులో నా పెళ్ళిలో పాట పాడినావిడ కూడా ఉంది. అప్పుడు మాత్రం మాలుటి కొండల మీంచి వచ్చే గాలి ఎముకల్లోకి దూరినట్టయింది. నాలుగో రోజున మక్విన్యా ఆవిడ వచ్చి, నా ఒళ్ళో వేడివేడివి రెండు పెట్టి వెళ్ళింది. ఉప్పు ఎక్కువైంది, అయినా రెండూ తిన్నాను.

అయిదో రోజు మాస్టారింటికి వెళ్ళి తలుపు కొట్టాను. కిటికీలోంచి చూసి ఆయన కదల్లేదు.

"మాస్టారూ, దొంగ తలుపు కొట్టి రాడు. తియ్యండి," అని అరిచాను. పక్కింటివాళ్ళు బయటికి రాబోతుంటే అప్పుడు తీశారు.

"నేనేం దొంగిలించానో నాకైనా తెలియాలిగా. ఒక్కసారి చూపించండి," అన్నాను.

ఆయన సణుగుతూనే లోపల్నుంచి ఒక చిన్న పెట్టె తెచ్చారు. పోయిన నాలుగింటికీ తోడుబుట్టినది అందులో ఒకటుంది. డచ్చి సంతతి బోయర్లు ఏలిన కాలపు వెండి నాణెం, గడ్డం ఉన్న ప్రెసిడెంటు బొమ్మ. పొయ్యి మీద మరిచిపోయిన గిన్నె అడుగులా నల్లగా ఉంది. పాపం దుమ్ము పట్టిందనుకుని చొక్కా చేతి అంచుతో తుడవబోయాను. ఆయన పీక పిసికినట్టు కేక పెట్టారు.

"రుద్దకు! రుద్దితే చచ్చిపోతుంది!"

"ఏది? నాణెమా?"

"ఆ నలుపే దాని చర్మం. నూట ముప్పై ఏళ్ళు పట్టింది అలా రావడానికి. అలా ఉంటే ఇరవై వేల రాండ్లు. రుద్దావా, ఇంక కరిగించుకునే వెండే. ఈ పనిలో ఉన్నవాడెవడూ చచ్చినా రుద్దడు."

"ఈ పనిలో లేనివాడో?"

"వాడికేం తెలుసు? మసి అనుకుంటాడు, తోమి..."

 నా కళ్ళ ముందు మొహాపి కిటికీలోని పాలిష్ డబ్బా కదిలింది.

"బీమా కాగితంలో ఏం రాశారు మాస్టారూ?"

"నిజమే రాశా. నాలుగు వెండి నాణేలు, ఎనభై వేలు."

"ఆ కవరు మేం విప్పం. మా ఆఫీసులో దాన్ని విప్పేది ఒక్కడే. ఆ పొట్లం బీరువాలో ఉన్నంతసేపూ తాళం ఉన్నది కూడా ఆయన దగ్గరే. విప్పి మళ్ళీ అతికించడానికి టేపూ, ముద్రా ఆయన చేతికీ అందేవే. ఆయనే చెప్పాడు ఆ మాట, నన్ను ఇరికిద్దామని."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "రుజువు లేని జవాబుకి మార్కులు లేవు," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. రుజువే తెద్దామన్నాను.

నాణేల పిచ్చి ఉన్నవాళ్ళూ, వాటిని కొనే అంగళ్ళవాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళలో ఇరవైమంది దాకా ఉన్నారు. మాస్టారు అందరికీ ఫోన్లు చేశారు. రుద్దిన నాణేలు నాలుగు వస్తాయనీ, అందులో ఒకదానికి గడ్డం కింద మేకు దెబ్బ ఉంటుందనీ చెప్పారు. ఆయన ఫోన్లు చేస్తున్నన్ని రోజులూ నేను బెంచీ మీదే ఉన్నాను. నేను లేస్తే మొహాపికి అనుమానం వచ్చేది.

తొమ్మిదో రోజున, టాక్సీలో గంటన్నర దూరంలో ఉన్న ఊరి నుంచి ఫూరీ అనే అంగడాయన ఫోన్ చేశాడు. ఫోన్లోనే పడీ పడీ నవ్వుతున్నాడు.

"వచ్చాయి మాస్టారూ, అద్దాల్లా వచ్చాయి! అక్షరాల సందుల్లో పాలిష్ పొడి ఇంకా అలాగే ఉంది. వెండి ధరే ఇస్తానంటే ఆయనకి కోపం. ఒక్కోదాన్నీ గంటసేపు రుద్దానయ్యా అంటాడు! వాళ్ళ నాన్నవట. కాగితమేదీ అన్నాను. శనివారం పట్టుకొస్తానన్నాడు."

విచారణలో నన్ను ప్రశ్నించాల్సిన ఇన్‌స్పెక్టరునే వెంటబెట్టుకుని శనివారం వెళ్ళాం. మాస్టారూ, ఇన్‌స్పెక్టరూ లోపలి గదిలో నిలబడ్డారు. నేను యూనిఫాంలో తక్కెడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫూరీ నన్ను కూడా దాక్కోమన్నాడు. దాక్కోడానికి నేనేం చేశానని?

మొహాపి తలుపు తోసుకుని వచ్చి, గుడ్డ విప్పి నాలుగూ బల్ల మీద పరిచాడు. తలెత్తాక నన్ను చూశాడు.

"నమస్కారం సార్," అన్నాను. "భలే మెరుస్తున్నాయే! మీ ఆఫీసులో పెట్టుకోదగ్గవే."

ఆయన గుడ్డ లాగి నాణేలను కప్పబోయాడు. ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు ఒక నాణెం తీసుకుని, గడ్డం కింద మేకు దెబ్బను వేలితో తడిమి, వెక్కి వెక్కి ఏడ్చారు. దొంగ దొరికినందుకు కాదు, దాని చర్మం పోయినందుకు. నాకు జాలేసింది. కోపమూ వచ్చింది. నా తోలు ఒలిచినప్పుడు ఈ ఊళ్ళో ఒక్కరి కంటా చుక్క నీరు రాలేదు.

సోమవారం పెద్దాఫీసు నుంచి ఫోను. జరిగిందేదో జరిగిపోయింది, మర్చిపోయి డ్యూటీలో చేరమన్నారు. బోర్డు మీది కాగితం అప్పుడే తీసేశామన్నారు.

"తీసేస్తే ఎలాగండీ? తప్పు నాది కాదని ఇంకో కాగితం పెట్టండి. అదే బోర్డు, అంతే సైజు, అవే నాలుగు పిన్నులు. అదెన్ని రోజులుందో ఇదీ అన్ని రోజులుండాలి. అప్పుడొస్తా," అన్నాను. రెండు రోజులు బిగుసుకున్నారు. నేను బెంచీ మీదే ఉన్నాను. మూడో రోజు పెట్టారు.

ఆ సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చారు. చంకలో కోడిపెట్ట. గుమ్మంలో నిలబడి, "తప్పయిపోయిందమ్మా. క్షమించు," అన్నారు, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా.

"మాస్టారూ, నన్ను దొంగ అన్నది ఈ గుమ్మంలోనా?"

"కాదు."

"అన్నచోటే అనండి. కోడిని తీసుకెళ్ళండి, చలికి వణుకుతోంది."

మళ్ళీ పింఛను రోజు వచ్చింది. వరస మళ్ళీ రోడ్డు దాకా ఉంది. మాస్టారు ఈసారి ఎవరినీ తోయలేదు, తన వంతు వచ్చేదాకా రెండు గంటలు నిలబడ్డారు. కౌంటరు ముందుకొచ్చి, వరస వైపు తిరిగి, టోపీ తీశారు.

"ఈవిడని నేను దొంగ అన్నాను. ఈవిడ దొంగ కాదు. తప్పు నాది."

"వెనకాల వాళ్ళకి వినపడలేదు మాస్టారూ," అన్నాను. "ఆ రోజైతే బాగా వినపడింది."

ఆయన నా వైపు ఒకసారి చూసి, గుండె నిండా గాలి పీల్చుకుని, వెనక బెంచీ పిల్లలకు ఎక్కాలు చెప్పే గొంతుతో మళ్ళీ అన్నారు. గాజు తలుపు అదిరింది. రోడ్డు మీంచి ఒక ముసలావిడ, "వినపడిందయ్యా, వినపడింది! ఇంక పింఛనివ్వనీ!" అని కేకేసింది. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఈసారి నా నవ్వుకు ఎవరూ తప్పు పట్టలేదు.

మాస్టారు దుప్పటిలోంచి చిన్న పొట్లం తీసి తక్కెడ మీద పెట్టారు. దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "వెండి నాణెం ఒకటి. రుద్దనిది."

"లోపలేముందని నేను అడగలేదండోయ్," అన్నాను.

"అడగకపోయినా చెప్తా. అందరికీ వినపడేట్టు చదువు. ఎవడు ముట్టుకుంటాడో చూస్తా."

చదివాను. రోడ్డు దాకా వినపడేట్టు చదివాను. ఆయన చూస్తుండగా తూచి, టేపు వేసి, అతుకుల మీద నాలుగు వైపులా ముద్ర కొట్టాను.