పగలగొట్టే గోడ

మా ఆవిడ కాంట్రాక్టరు. నేను ఆవిడ దగ్గర స్టోరు చూస్తాను. ఇంట్లో మొగుణ్ణి, సైటులో స్టోర్‌కీపర్ని. హోదాలు రెండైనా తిట్టే నోరు ఒకటే.

అంతవరకు మేం చేసినవన్నీ చిల్లర పనులు. ప్రహరీ గోడలు, మురుగు కాలవలు, బళ్ళో మరుగుదొడ్లు. అలాంటిది మునిసిపాలిటీవాళ్ళు అగ్నిమాపక కేంద్రానికి టెండరు పిలిచారు. ఫైరింజన్లు నిలిపే షెడ్లు, సిబ్బందికి గదులు, నిచ్చెనలెక్కడం నేర్పడానికి ఎత్తయిన బురుజు. ఆ బురుజు బొమ్మ చూసిన రోజు మా ఆవిడ అన్నం ముందు కూర్చుని కూడా గాల్లో వేలితో గీతలు గీస్తూనే ఉంది.

కవర్లు తెరిచారు. అందరికంటే తక్కువ రేటు మాదే. మా తర్వాత మా బావమరిది, అంటే ఆవిడ సొంత తమ్ముడు. వాడి తర్వాత చక్కెరాయన. ఆయన పెద్ద కాంట్రాక్టరు. మాట తియ్యగా ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆ తీపికి పడిపోయిన చిన్న కాంట్రాక్టర్లు ఇప్పుడు ఆయన కిందే మేస్త్రిపని చేస్తున్నారు.

"అమ్మాయ్, అభినందనలు. మీ నాన్నగారుంటే ఎంత మురిసిపోయేవారో!" అన్నాడాయన ఆ రోజు మెట్ల మీద. నేను మా ఆవిడ కొంగు లాగి, "పద పద" అన్నాను. ఆయన మెచ్చుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అనుకున్నంతా అయింది. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. అక్కా తమ్ముడూ కుమ్మక్కై టెండర్లు వేశారని చక్కెరాయన ఫిర్యాదు పెట్టాడట. నిజమని తేలితే ఇద్దరి టెండర్లూ చెల్లవు. పైగా ఇద్దరినీ బ్లాక్‌లిస్టులో పెడతారు. అలా పెడితే ఏళ్ళ తరబడి ప్రభుత్వం పని ఏదీ ముట్టుకోనివ్వరు. మమ్మల్ని నమ్ముకున్న మేస్త్రీలు, పరంజావాళ్ళు తలో దిక్కుకూ పోవాలి. పని మాత్రం మూడోవాడి ఒళ్ళో పడుతుంది.

నోటీసు చదివి నేను నవ్వాను. నవ్వక ఏం చెయ్యను? ఆ అక్కా తమ్ముళ్ళు మాట్లాడుకోక ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. మా మామగారు పాత కాంట్రాక్టరు. బోర్డు మీద తన పేరు రాయించి, పక్కన 'అండ్ సన్' అని పెట్టించాడు. అప్పటికి ఆ సన్ను బళ్ళో పలక పగలగొట్టుకుంటున్నాడు. ఎండలో నిలబడి ఇటుకలు లెక్కపెట్టించింది కూతురు. ఆయన పోయాక తమ్ముడు బోర్డు తీసుకున్నాడు, అక్క మేస్త్రీలను తీసుకుంది. సామాన్ల యార్డుకి అడ్డంగా రేకులు కట్టేశారు. గేటు మాత్రం ఒకటే. ఆవిడ బండి వస్తుంటే వాడు లోపలే ఆగుతాడు, వాడి బండి వస్తుంటే ఈవిడ ముఖం తిప్పుకుంటుంది. మధ్యలో నేను. "బావా, మీ మేడంగారి కంకర నా వైపు దొర్లుతోంది, చెప్పు" అని వాడు. "ఏమండీ, ఆ కంకరకి కాళ్ళు లేవని చెప్పండి" అని ఈవిడ. ఇద్దరూ రేకుకి చెరో వైపు, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

వీళ్ళు కుమ్మక్కా!

కానీ మా లాయరమ్మ నవ్వలేదు. చిన్న వయసు పిల్లే, కళ్ళజోడు లోంచి చూస్తే మాత్రం మనం ఏదో దాస్తున్నామని మనకే అనిపిస్తుంది.

"ఒకే గేటు, ఒకే తండ్రి. అంతవరకైతే నేను చూసుకుంటాను. తప్పు కాదు. తోబుట్టువులు కూడా పోటీ పడొచ్చు. కానీ ఇది చూడండి."

టెండరుతో పాటు పని ఎలా చేస్తామో రాసివ్వాలి. రెండు టెండర్లలోనూ మొట్టమొదటి పని ఒకటే. 'నమూనా గోడ కట్టి, పగలగొట్టుట.'

"ఇదేమిటసలు? కట్టిన గోడ పగలగొట్టడమేంటి? ఇంకెవరి టెండర్లోనూ లేదు. మీ ఇద్దరి దాంట్లోనే ఉంది. కలిసి కూర్చుని రాసుకున్నారు అనడానికి ఫిర్యాదు పెట్టినాయన చూపిస్తున్న సాక్ష్యం ఇదే."

"అది మా నాన్న పద్ధతమ్మా," అంది మా ఆవిడ. "కొత్త సైటులో దిగగానే అదే ఇటుక, అదే సిమెంటు మాలు, అదే మేస్త్రీలతో ఓ గోడ కట్టించేవాడు. తడిపి ఆరనిచ్చి, అందరినీ పిలిచి సమ్మెటతో కొట్టేవాడు. ఇటుక విరిగితే పని గట్టి. సందు దగ్గర ఊడిందంటే మాలు కలిపినవాడికి మూడినట్టే. ఆ తర్వాతే అసలు పునాది."

"తమ్ముడూ అదే చేస్తాడా?"

"వాడా? వాడికేం తెలుసు? చూసి కాపీ కొట్టుంటాడు."

"అమ్మా! ఆ మాట మాత్రం అక్కడ అనకండి," అని లాయరమ్మ నెత్తి పట్టుకుంది. "కాపీ అన్నారంటే మీ కాగితాలు మీ తమ్ముడు చూశాడని మీరే ఒప్పుకున్నట్టు. విచారణయ్యేదాకా తమ్ముడితో మాట్లాడకండి. మాటలు కలిపారని ఎవరైనా చూస్తే కొంప మునుగుతుంది."

"ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను నేను. "ఇన్నాళ్ళూ ఉత్తినే చేస్తున్న పని, ఇప్పుడు చట్టప్రకారం చేస్తారు."

విచారణ రోజు మునిసిపల్ ఆఫీసు పైఅంతస్తులో సమావేశం గది. పొడుగాటి బల్ల, దాని మీద మూతలు పెట్టిన నీళ్ళ గ్లాసులు. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేస్తున్నాయి, వాటి మీద బరువుకి గుమస్తా స్టాప్లరు, పంచింగు మెషిను, చివరికి తన టిఫిన్ డబ్బా కూడా పెట్టాడు. విచారణాధికారి ఒక పెద్దావిడ. జడ్జీగా చేసి రిటైరయ్యారట. ఎవరు మాట్లాడినా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నారు. ఏమనుకుంటున్నారో ముఖం చూసి కనుక్కోవడం దేవుడి తరం కూడా కాదు.

బల్లకి ఇటు మేం, అటు చివర బావమరిది. మధ్యలో చక్కెరాయన, ఆయన లాయరు. లాయరమ్మ ముందే చెప్పింది, అడిగితే తప్ప నోరు తెరవద్దని. మా ఆవిడ పెదాలు బిగించి కూర్చుంది. బిగించిన పెదాలంటే నాకు భయం.

చక్కెరాయన లాయరు లేచి దంచేశాడు. ప్రపంచంలో ఏ కాంట్రాక్టరూ తన గోడ తనే పగలగొట్టుకోడన్నాడు. ఇంత విడ్డూరం ఇద్దరి బుర్రల్లో విడివిడిగా పుట్టదన్నాడు. ఒకరికి పని, ఇంకొకరికి వాటా అని ముందే మాట్లాడుకున్నారన్నాడు. చక్కెరాయన పక్కనే తల వంచుకుని, పాపం ఇలా చెప్పాల్సి వచ్చిందే అన్నట్టు బాధపడుతున్నాడు. అంత బాధ నేను చావింట కూడా చూడలేదు.

అధికారి అంతా విని, బావమరిది వంక చూశారు. "మీరు కాసేపు పక్కగదిలో కూర్చోండి. తలుపు వేసుకోండి."

వాడు వెళ్ళాక మా ఆవిడకి తెల్లకాగితం ఇచ్చారు. "మీరు పగలగొట్టే గోడ బొమ్మ గీయండి."

మా ఆవిడ గీసింది. తర్వాత ఆవిణ్ణి బయటికి పంపి, తమ్ముణ్ణి పిలిచి గీయించారు. అప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండు కాగితాలూ బల్ల మధ్యలో పక్కపక్కన పెట్టారు.

అక్క గీసిన గోడ తిన్నగా ఉంది. నడుమ కిటికీ ఖాళీ, దాని మీద పైబరువు మోసే దిమ్మె. తమ్ముడు గీసిన గోడకి కిటికీ లేదు. మూల తిరిగి ఉంది, పక్కకి వంచిన మోచెయ్యిలాగా.

"రెండూ వేరే గోడలు," అన్నారు అధికారి.

చక్కెరాయన లాయరు వెంటనే అందుకున్నాడు. "అనుమానం రాకుండా ముందే అనుకుని వేరేగా గీసుంటారండీ."

ఏం చెప్పినా దానికో జవాబు ఉందీయన దగ్గర. ఒకేలా గీస్తే కుమ్మక్కు, వేరేగా గీస్తే గట్టి కుమ్మక్కు.

సరిగ్గా అప్పుడే బావమరిది మెడ చాచి అక్క బొమ్మ చూశాడు. చూసి, ఆగలేకపోయాడు.

"ఇదా గోడ? మూల లేకుండా గోడేంటండీ? ఊగే తడిక గీసింది!"

లాయరమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విదిలించుకుని మా ఆవిడ లేచింది.

"తడికా? కిటికీ లేకుండా పరీక్షేంట్రా? ఉత్త గోడ ఎవడైనా కడతాడు. ఖాళీ మీద బరువు నిలబెట్టడంలోనే ఉంది మేస్త్రి పనితనం. నాన్న నీకిదే నేర్పాడా?"

"నాన్న నాకు మూలే నేర్పాడు! రెండు గోడలు కలిసేచోటే పగులు పుడుతుందని నా చేత్తో తడిమి చూపించాడు. కిటికీ ఎప్పుడూ పెట్టలేదు."

"పెట్టలేదా? దిమ్మె కింద కర్ర తీసేటప్పుడు పక్కన నిలబడింది నేను! నువ్వప్పుడు చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేవు!"

"అదిగో, మొదలెట్టింది! నువ్వే కూతురివి, నువ్వే కొడుకువి, నువ్వే కంపెనీవి. నేను దారినపోయేవాణ్ణి!"

"బోర్డు మీద పేరున్నవాడివి నువ్వు. దారినపోయేదాన్ని నేను!"

"ఆ బోర్డు నేను రాయించానా? నన్నడిగాడా ఆయన?"

గుమస్తా టైపు చెయ్యడం ఆపి బిక్కమొహం వేశాడు. "మేడం, ఇదంతా రాయమంటారా?"

"ఒక్క ముక్క వదలకుండా రాయండి," అన్నారు అధికారి. "ఇదే సాక్ష్యం."

లాయరమ్మ మళ్ళీ చెయ్యి చాచి మా ఆవిణ్ణి లాగబోయింది. ఆ మాట విని, చాచిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకుని, కుర్చీలో హాయిగా చేరగిలబడింది. కళ్ళజోడు తుడుచుకుంది కూడా. నేనూ ఓ గ్లాసు మూత తీసి నీళ్ళు తాగాను. ఇంట్లో వినీ వినీ విసిగిన గొడవ ఆ రోజు కచేరీలా వినిపించింది.

కాస్త ఊపిరి తీసుకోవడానికి ఇద్దరూ ఆగినప్పుడు అధికారి అడిగారు. "అమ్మా, మీ నాన్నగారు మీకు ఈ గోడ నేర్పినప్పుడు ఏ కట్టడం కడుతున్నారు?"

"ఆసుపత్రండీ. గదికి రెండు కిటికీలు. పాతిక మంది మేస్త్రీలకీ కిటికీలతోనే పని."

"మీకు?"

బావమరిది ఆలోచించాడు. "గోడౌన్లండి. ధాన్యం గోడౌన్లు. వరసగా..." అని ఆగిపోయాడు.

"గోడౌన్లకి కిటికీలుంటాయా?"

వాడు అక్క గీసిన కిటికీ వంక చూశాడు. మా ఆవిడ వాడు గీసిన మూల వంక చూసింది. ఏ పని వస్తే ఆ పనికి తగ్గ గోడ కట్టించి పగలగొట్టాడు ఆ మహానుభావుడు. కూతురికి కిటికీ దొరికింది, కొడుక్కి మూల దొరికింది. ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చి, అదే మొత్తమని నమ్మించి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా రేకుకి అటూ ఇటూ నిలబడి ఒకరు నాన్న పేరు పాడుచేస్తున్నారని ఇంకొకరు పళ్ళు నూరుకున్నారు.

"నీకు చివరిదాకా కిటికీ చూపించలేదా?" అంది మా ఆవిడ, గొంతు తగ్గించి.

"లేదక్కా."

అక్కా అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

అధికారి చక్కెరాయన వైపు తిరిగారు. "పద్ధతి ఒక తండ్రిది. పిల్లలిద్దరూ వేరువేరు రోజుల్లో నేర్చుకున్నారు, వేరువేరుగా నేర్చుకున్నారు. రేట్లు ఎక్కడా కలవడం లేదు. ఒకరు కట్టే గోడేమిటో ఇంకొకరికి ఈ రోజుదాకా తెలియదు, అది నా కళ్ళముందే తేలింది. తండ్రి దగ్గర పని నేర్చుకోవడం కుమ్మక్కు కాదు. ఫిర్యాదు కొట్టేస్తున్నాను. బ్లాక్‌లిస్టు నోటీసులు రెండూ రద్దు. తక్కువ రేటు వేసినామెకే పని అప్పగించమని మునిసిపాలిటీకి రాస్తున్నాను." సంతకం పెట్టబోతూ ఆగి, "ఒక్కటడుగుతాను. మీరు పరీక్షకి ఏ గోడ కడతారు?" అన్నారు.

చక్కెరాయన తియ్యగా నవ్వాడు. "మా మేస్త్రీల మీద మాకు నమ్మకమండీ."

"ఓహో," అన్నారావిడ. ఆ ఒక్క ఓహోకి ఆయన ముఖం మాడిపోయింది.

గది బయటికొచ్చేసరికి మా మేస్త్రీలు నడవాలో గుంపుగా ఉన్నారు. మా ఆవిడ తల ఊపింది, అంతే, ఆ ఆఫీసు పుట్టినప్పట్నించీ వినని కేక ఒకటి లేచింది. గుమస్తాలు తలుపుల్లోంచి తొంగిచూశారు. పెద్దమేస్త్రి నన్ను నడుము పట్టుకుని ఎత్తేశాడు. ఆవిణ్ణి ఎత్తే ధైర్యం లేక, ఆ మోజు నా మీద తీర్చుకున్నాడు.

మా ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ బురుజుకి నాలుగు మూలలు. అది నువ్వు..."

లాయరమ్మ ఇద్దరి మధ్యకీ దూరిపోయింది. "వద్దు! సబ్ కాంట్రాక్టు మాట ఎత్తకండి! ఓడిన టెండరుదారుడికి పని పంచారంటే ఇదే ఫిర్యాదు మళ్ళీ వస్తుంది, ఈసారి నేను కూడా ఏం చెయ్యలేను. ఇటుక ముక్క కూడా ఇవ్వకూడదు."

"ఇవ్వను. అన్నం పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

"తిట్టొచ్చా?"

"అది మీ ఇష్టమండీ."

"అయితే చాలు," అని మా ఆవిడ మెట్లు దిగడం మొదలుపెట్టింది. వాడు పక్కనే దిగుతున్నాడు. రెండో మెట్టు దగ్గరే మొదలైంది. బురుజుకి మూల ముందు చూడాలని వాడు, తలుపు ఖాళీ ముందు చూడాలని ఈవిడ. చేతులూపుకుంటూ మెట్లంతా ఆక్రమించుకుని దిగుతున్నారు. ముందు దిగిపోతున్న చక్కెరాయన వాళ్ళకి దారివ్వడానికి గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు. ఇద్దరూ ఆయన్ని చూడనే లేదు.

నేను వెనకాల, ఆవిడ సంచీ ఒక చేత, వాడి సంచీ ఇంకో చేత. "బావా, నువ్వు చెప్పు, ఎవరిది రైటు?" అని వాడు వెనక్కి తిరిగి అరిచాడు.

"నేను స్టోర్‌కీపర్నిరా," అన్నాను. "ఇద్దరి గోడలకీ ఇటుకలు సరిపోతాయి. అది చెప్పగలను."